వేటకు బోటు దింపే ముందు: సరంగు, కళాసీల కాగితాలు, కనీస సిబ్బంది ఎలా సిద్ధం చేసుకోవాలి?

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో కొత్తగా బోటు కొన్నవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది: "బోటు కాగితాలు ఉన్నాయి. మనుషులకు ఏం కావాలి? కనీసం ఎంతమంది ఉండాలి?" దళారిని అడిగితే ఒక మాట, పక్క బోటు ఓనర్‌ని అడిగితే ఇంకో మాట. పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెప్తాను.

మొత్తం పనికి ఒకే సూత్రం. డెక్ మీద ఎన్ని తలలు ఉన్నాయో కాగితం మీద అన్ని పేర్లు ఉండాలి, అవే పేర్లు ఉండాలి. బీమా, వేట నిషేధ కాలంలో సర్కారు ఇచ్చే భృతి, కోస్ట్ గార్డ్ గాలింపు అన్నీ ఈ జాబితా మీదే నడుస్తాయి.

ఇది ఇంజిన్‌తో నడిచే వేట బోట్ల ఓనర్లకు, వాటి మీద పనిచేసే కళాసీలకు. సరంగు అంటే బోటు నడిపే మనిషి, కళాసీలంటే బోటు మీద పనిచేసే సిబ్బంది. పోర్టు టగ్గులు, బార్జిల దారి వేరు. వాటి సంగతి ఇక్కడ లేదు.

1. ముందు బోటు ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి

మత్స్యశాఖ లెక్కలో మూడు రకాలు. ఇంజిన్ లోపలే బిగించి, వించి (వల తాడు చుట్టే యంత్రం) మీద వల లాగే పెద్ద బోట్లు యాంత్రిక బోట్లు. ఫైబర్ పడవకు, తెప్పకు చిన్న ఇంజిన్ తగిలిస్తే మోటారు బోటు. తెడ్డు, తెరచాప మీద నడిచేవి సంప్రదాయ పడవలు.

మీది ఏ రకమో రిజిస్ట్రేషన్ నంబరే చెప్తుంది. విశాఖ యాంత్రిక బోటు మీద ఐఎన్‌డీ, ఏపీ, వీ5, ఎంఎం అనే అక్షరాల తర్వాత అంకెలు ఉంటాయి. ఎంఎం అంటే యాంత్రిక, ఎంఓ అంటే మోటారు. వీ5 జిల్లా గుర్తు.

పాత బోటు కొనేటప్పుడు క్యాబిన్ మీద రాసిన నంబరు, పుస్తకంలోని నంబరు, ఇంజిన్ మీద చెక్కిన నంబరు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజిన్ మార్చి, ఆ సంగతి రికార్డులో మార్పించని బోట్లు హార్బర్లో చాలానే ఉంటాయి. డబ్బు చేతులు మారక ముందే ఇది తేలాలి.

2. బోటు కాగితాలు: రిజిస్ట్రేషన్ వేరు, లైసెన్సు వేరు

ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు.

రిజిస్ట్రేషన్ కేంద్ర నౌకాయాన చట్టం కింద జరుగుతుంది. బోటు ఎవరిది, కొలతలు ఏమిటి, ఇంజిన్ ఏది అన్నది అందులో ఉంటుంది. వేట లైసెన్సు రాష్ట్రానిది, 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట క్రమబద్ధీకరణ చట్టం కింద వస్తుంది. ఈ బోటు ఈ తీరంలో వేటాడవచ్చు అని చెప్పేది అదే. రెండింటికీ దరఖాస్తు వేట బోట్ల కోసం కేంద్రం నడిపే ఆన్‌లైన్ పోర్టల్ రియల్‌క్రాఫ్ట్‌లో పెట్టాలి, తనిఖీకి మత్స్యశాఖ అధికారి హార్బర్‌కు వస్తారు.

దీనికి తోడు, ప్రాదేశిక జలాలు దాటి వేటాడే యాంత్రిక బోట్లకు యాక్సెస్ పాస్ కావాలని 2025 నవంబర్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ప్రాదేశిక జలాలంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, సుమారు 22 కిలోమీటర్లు. మన పెద్ద బోట్లు వేటాడేది ఎక్కువగా ఆ అవతలే కాబట్టి ఇది మీకు వర్తిస్తుందనే అనుకోండి. పాస్ ఉచితం, రియల్‌క్రాఫ్ట్‌లోనే ఇస్తారు. ఎవరైనా ఫీజు అడిగితే అది వాళ్ల జేబులోకే. సంప్రదాయ పడవలకు ఈ పాస్ అక్కర్లేదు.

తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలవాళ్ల జాగా. అక్కడ యాంత్రిక బోటు వల వేస్తే జరిమానాతో ఆగదు, లైసెన్సుకే ఎసరు వస్తుంది. సరంగుకు ఇది చెప్పి పంపాల్సింది ఓనరే.

ఈ దశలో చేతిలో ఉండాల్సినవి:

- ఓనర్ పేరు మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్
- గడువులో ఉన్న వేట లైసెన్సు
- యాంత్రిక బోటు అయితే యాక్సెస్ పాస్
- బోటు బీమా పాలసీ

బీమా దగ్గర ఒక్క మాట. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్లో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. చాలా బోట్లకు బీమా లేదు. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించబట్టి ఓనర్లు గట్టెక్కారు. ప్రతిసారీ అలా జరుగుతుందని లెక్క వేసుకోవడం తెలివైన పని కాదు.

3. కనీస సిబ్బంది: ముందు పనులు లెక్కపెట్టండి

పది పదిహేను రోజుల ట్రిప్పుకు వెళ్లే విశాఖ బోట్లలో మామూలుగా ఎనిమిది మంది దాకా ఉంటారు. ఈ అంకె పట్టుకుని "ఏడుగురు చాలదా?" అని బేరమాడే ఓనర్లు ఉన్నారు. ముందు పనులు లెక్కపెడితే మనుషుల లెక్క దానంతట అదే తేలుతుంది.

బోటు మీద తప్పని పనులు ఇవి: చుక్కాని, ఇంజిన్, వించి, వల లాగడం, చేప ఏరి ఐసులో సర్దడం, వంట, రేడియోలో మాట్లాడటం, రాత్రి కాపలా. వీటిలో మూడింటికి తప్పకుండా ఇద్దరేసి ఉండాలి:

- చుక్కాని పట్టి, జీపీఎస్ చూసి హార్బర్ దాకా రాగలిగేవాళ్లు ఇద్దరు
- ఇంజిన్ ఆపడం, తిరిగి స్టార్ట్ చేయడం, అడుగున చేరిన నీళ్లు పంపుతో తోడటం తెలిసినవాళ్లు ఇద్దరు
- వీహెచ్ఎఫ్ సెట్టులో (బోటు రేడియోలో) మాట్లాడగలిగేవాళ్లు ఇద్దరు

ఒకే మనిషి రెండు పనుల్లో లెక్కకు రావచ్చు. కానీ సరంగు, అతనికి బదులు అనుకున్న మనిషి ఇద్దరూ ఒకేసారి నిద్రపోకూడదు. విశాఖ, గంగవరం పోర్టుల ఎదుట పెద్ద ఓడలు లంగరు వేసుకుని ఉంటాయి, రాత్రిళ్లు కదులుతుంటాయి. అంత పెద్ద ఓడ మన బోటును చూసి తప్పుకుంటుందని అనుకోకండి. తప్పుకోవాల్సింది మనమే, అందుకు ఒకరు మేలుకుని ఉండాలి.

ఓనర్‌గా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మూడో రోజు సరంగుకు జ్వరం వచ్చి లేవలేకపోతే, మిగిలినవాళ్లు బోటును ఒడ్డుకు తేగలరా? "అబ్బే, కష్టం" అనిపిస్తే మీ సిబ్బంది కనీసానికి తక్కువే, పదిమంది ఉన్నా సరే.

పద్దెనిమిది నిండని పిల్లల్ని ఎక్కించకండి. "మా వాడే, పని నేర్చుకుంటాడు" అనే మాట తరచూ వినిపిస్తుంది. ప్రమాద బీమా మొదలయ్యేదే 18 ఏళ్ల నుంచి. ఏదైనా జరిగితే ఆ అబ్బాయి పేరు ఏ జాబితాలోనూ ఉండదు, ఓనర్ మీద కేసు మాత్రం ఉంటుంది.

4. ఒక్కో కళాసీకి కావలసిన కాగితాలు

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు ఇక్కడే. ఓపిగ్గా, ఒక వరుసలో చేయాలి.

*మొదట ఆధార్.* పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత తీసే ప్రతి కార్డూ ఆధార్ వివరాలనే లాక్కుంటుంది. ఆధార్‌లో తప్పు ఉంచుకుని మిగతావి తీస్తే ఆ తప్పు నాలుగు చోట్లకు పాకుతుంది. సముద్రంలో కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు అడిగేదీ ముందుగా ఇదే. క్యూఆర్ కోడ్ ఉన్న ప్లాస్టిక్ కార్డు అయితే తడిసినా పోదు, చదవడమూ తేలిక.

*తర్వాత బ్యాంకు ఖాతా.* ఖాతా ఉంటే చాలదు, అది ఆధార్‌కు అనుసంధానమై సర్కారు డబ్బు పడేలా ఉండాలి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లు ఏ ఖాతాకు లింకు ఉందో బ్యాంకులో కనుక్కోవాలి. భృతి పడినా మనిషికి తెలియకుండా ఎప్పుడో మర్చిపోయిన ఖాతాలో ఉండిపోవడం ఏటా జరిగేదే.

*మూడోది మత్స్యకార గుర్తింపు కార్డు.* సొంతూరి సచివాలయంలోని మత్స్య సహాయకుడి దగ్గర మొదలుపెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి విశాఖ బోట్ల మీద చేసేవాళ్లు ఊరికి వెళ్లినప్పుడే ఈ పని చూసుకోవడం మేలు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య రెండు రోజుల్లో అయ్యే పని కాదు.

*నాలుగోది జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో నమోదు.* దీన్ని ఎన్‌ఎఫ్‌డీపీ అంటారు. కేంద్ర పథకాలకు వెళ్లే దారి ఇదే. మత్స్య సహాయకుడి దగ్గర గానీ, కామన్ సర్వీస్ సెంటర్లో గానీ చేయించుకోవచ్చు.

*అయిదోది ప్రమాద బీమా.* ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న గ్రూపు ప్రమాద బీమాలో చేరితే ప్రమాద మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల రూపాయల దాకా వస్తుంది. వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి. ప్రీమియం మత్స్యకారుడు కట్టక్కర్లేదు, కానీ పేరు నమోదై ఉండాలి. "ఫ్రీ కదా, దానంతట అదే వస్తుంది" అనుకుని చేరనివాళ్లే ఎక్కువ. నామినీ పేరు దగ్గర చనిపోయిన తల్లి పేరో, పెళ్లి కాకముందు రాసిన అన్న పేరో ఉంటే ఇప్పుడే మార్పించండి.

ఈ అయిదూ అయ్యాక, ప్రతి కళాసీకి ఓనర్ దగ్గర ఒక పేజీ ఉండాలి. అందులో:

- ఆధార్‌లో ఉన్నట్టే పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం
- సొంత ఫోన్ నంబరు, ఇంట్లో ఫోన్ ఎత్తే మనిషి నంబరు
- గుర్తింపు కార్డు నంబరు, బీమాలో పేరుందో లేదో
- బ్లడ్ గ్రూపు
- బీపీ, షుగరు, మూర్ఛ, గుండె జబ్బు ఏమైనా ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నాడు
- ఈత వచ్చా, రాదా

మూర్ఛ ఉన్న మనిషిని వించి దగ్గర, డెక్ అంచున నిలబెట్టకూడదు. అసలు పది రోజుల ట్రిప్పుకే వద్దంటాను. కఠినంగా ఉండొచ్చు గానీ, నడి సముద్రంలో డాక్టరు దొరకడు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ట్రిప్పు రోజులకు ఇంకో వారం కలిపి మందులు పెట్టుకోవాలి. ట్రిప్పు అనుకున్న రోజుకు ముగియడం అరుదు.

*పేర్లు కలవకపోతే?* మనవాళ్లకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొట్టి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో ఉన్నదాన్నే అసలుగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చుకోండి. ఆధార్‌లోనే తప్పుంటే ముందు అది దిద్దించండి. పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని రాయించుకున్నవాళ్లు వయసు ఒకసారి సరిచూసుకోవాలి. అసలు వయసు 57 ఉన్నా కార్డులో 61 అని పడితే భృతి దగ్గర పేరు ఎగిరిపోతుంది.

5. సరంగుకు, ఇంజిన్ డ్రైవర్‌కు అదనంగా

మన హార్బర్లలో సరంగులు ఎక్కువమంది తండ్రి దగ్గరో, మేనమామ దగ్గరో పని నేర్చినవాళ్లే. చేప ఎక్కడుందో వాళ్లకు తెలిసినంతగా ఏ కోర్సూ నేర్పదు. కోర్సు నేర్పేవి వేరే ఉన్నాయి: చార్టు చదవడం, ఓడల దీపాలను బట్టి అది ఎటు పోతుందో గుర్తుపట్టడం, రేడియోలో ఏ వరుసలో మాట్లాడాలో.

పెద్ద బోట్ల మీద సర్టిఫికెట్‌తో ఉద్యోగం చేయాలనుకునే కుర్రాళ్లకు సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. ప్రధాన కేంద్రం కొచ్చిలో, యూనిట్లు చెన్నైలో, విశాఖలో ఉన్నాయి. డెక్ వైపు వెళ్లేవాళ్లకు వెసెల్ నావిగేటర్ కోర్సు, ఇంజిన్ వైపు వెళ్లేవాళ్లకు మెరైన్ ఫిట్టర్ కోర్సు. రెండూ రెండేళ్లవి.

సొంత బోటు సరంగును రెండేళ్లు చదువుకు పంపమని ఎవరూ అనరు. కనీసం ఈ కింది పనులు అతను, అతని బదులు మనిషి జెట్టీ దగ్గర మీ కళ్లెదుట చేసి చూపించాలి:

- జీపీఎస్‌లో ఉన్న చోటు చదివి, అక్షాంశం, రేఖాంశం చెప్పడం
- వీహెచ్ఎఫ్‌ను ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్‌కు తిప్పి పెట్టడం
- రాత్రి వెలగాల్సిన దీపాలు అన్నీ వెలిగించడం
- ట్రాన్స్‌పాండర్ (బోటు ఉన్న చోటు తెలిపే పరికరం) పనిచేస్తోందో లేదో చూడటం
- డీజిల్ వాల్వు మూసి ఇంజిన్ ఆపడం

ఆపద వేళ రేడియోలో చెప్పాల్సిన మాట బట్టీ పట్టించండి. "మేడే" మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, రిజిస్ట్రేషన్ నంబరు, ఉన్న చోటు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు. ఆ చివరి అంకె తప్పితే గాలింపు తప్పుతుంది. తొమ్మిది మంది ఉంటే ఎనిమిది అని చెప్తే, ఎనిమిది మంది దొరగ్గానే వెతకడం ఆగిపోతుంది.

6. మనిషికి ఒకటి చొప్పున ఉండాల్సినవి

లైఫ్ జాకెట్లు తలకొకటి. వంటవాడికి కూడా. క్యాబిన్ పైన తాళ్లతో మూటకట్టి పెడితే అవి లేనట్టే. చేయి చాపితే అందాలి.

బోటు మొత్తానికి:

- రెండు లైఫ్ బాయ్‌లు (నీళ్లలో తేలే రింగులు), ఒకదానికి తాడు కట్టి
- వీహెచ్ఎఫ్ సెట్టు, విడిగా చార్జ్ చేసిన బ్యాటరీ
- ట్రాన్స్‌పాండర్ లేదా డీఏటీ
- మంటలార్పే సిలిండర్లు, ఒకటి ఇంజిన్ గది దగ్గర, ఒకటి పొయ్యి దగ్గర
- ప్రథమ చికిత్స పెట్టె
- ట్రిప్పుకు అనుకున్నదానికంటే నాలుగు రోజులు ఎక్కువ మంచినీళ్లు

డీఏటీ అంటే ఇస్రో తయారుచేసిన ఆపద హెచ్చరిక పరికరం. బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డ్‌కు సందేశం వెళ్తుంది. కొత్త రకంలో సందేశం అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. పాత బోటు కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: పరికరం పాత ఓనర్ పేరు మీద, పాత ఫోన్ నంబరు మీద ఉంటుంది. మీ బోటు ఆపదలో ఉంటే ఫోన్ ఆయనకు పోతుంది. బోటు పేరు మార్పించిన రోజే దీన్నీ మార్పించండి.

గ్యాస్ సిలిండర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 2023 డిసెంబర్ 1న కాకినాడ దగ్గర భైరవపాలెం ఎదుట ఒక వేట బోటు గ్యాస్ సిలిండర్ వల్ల కాలిపోతుంటే కోస్ట్ గార్డ్ వెళ్లి 11 మందిని కాపాడింది. సిలిండర్ నిలువుగా, గాలి ఆడే చోట, గొలుసుతో కట్టి ఉండాలి. ఇంజిన్ గది పక్కన వద్దు. ట్యూబు పగిలిందో లేదో ప్రతి ట్రిప్పుకూ సబ్బునీళ్లతో చూడండి. ఈ పని ఫలానా మనిషిదని పేరు పెట్టి అప్పగించకపోతే ఎవరూ చేయరు.

7. బయల్దేరే రోజు

కాగితాలన్నీ ఉన్నా జాబితా చెడిపోయేది ఈ రోజునే. ఐసు ఎక్కించాక, డీజిల్ పోయించాక ఒక కళాసీ రాడు. ఫోన్ ఎత్తడు. జెట్టీ మీద ఖాళీగా ఉన్న ఎవరినో ఎక్కించుకుని బోటు వెళ్లిపోతుంది. కాగితం మీద రానివాడి పేరు ఉంటుంది, డెక్ మీద ఇంకొకరు ఉంటారు.

దీనికి మందు ఒకటే: అన్ని కాగితాలూ ఉన్న ఇద్దరు బదులు మనుషులను ముందే చూసుకోవడం. వాళ్లు ఏ రోజు ఖాళీగా ఉంటారో కనుక్కుని ఉంచండి. అయినా తెలియని మనిషిని తీసుకోవాల్సి వస్తే, ఆధార్ చూసి, ఫొటో తీసి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి, జాబితాలో పేరు మార్చాకే తాడు విప్పండి. పదిహేను నిమిషాల పని.

ఆ రోజు వరుస ఇలా పెట్టుకోండి:

1. ముందురోజు సాయంత్రం వాతావరణ హెచ్చరిక చూడండి. వేటకు వెళ్లొద్దని ఉంటే అక్కడితో ఆగిపోండి.
2. కళాసీలందరూ ఎక్కాక సరంగు పేరు పేరునా పిలవాలి. లెక్కపెడితే చాలదు, పిలవాలి.
3. జాబితా రాయండి: తేదీ, బయల్దేరే సమయం, బోటు నంబరు, పేర్లు, ఎన్ని రోజులు, ఏ వైపు.
4. దాని కింద సరంగు సంతకం.
5. ఒక ప్రతి బోటు మీద ప్లాస్టిక్ కవర్లో, ఒకటి ఓనర్ ఇంట్లో, ఒకటి మత్స్యకార సంఘం దగ్గర. ఫోన్‌లో ఫొటో తీసి మత్స్యశాఖ సిబ్బందికి పంపండి.
6. ఒరిజినల్ ఆధార్, గుర్తింపు కార్డు ఎవరివి వాళ్ల దగ్గరే.

ఆ ఆరోది ఊరికే రాయలేదు. అడ్వాన్స్ ఇచ్చినందుకు కళాసీల ఆధార్ కార్డులు బీరువాలో పెట్టుకునే ఓనర్లు ఉన్నారు. కళాసీ ఇంకో బోటుకు పోకుండా ఆపే ఉపాయమట. సముద్రంలో తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి ఆ మనిషి దగ్గర ఏమీ ఉండదు. అడ్వాన్స్‌కు నోటు రాయించుకోండి, కార్డు తిరిగి ఇచ్చేయండి.

ట్రిప్పు మధ్యలో ఒక కళాసీ ఇంకో బోటులోకి మారితే, లేదా మధ్యలో ఏదో ఒక చోట దిగిపోతే, రెండు బోట్ల సరంగులూ ఓనర్లకు ఫోన్‌లోనో రేడియోలోనో చెప్పాలి. ఒడ్డున ఉన్న జాబితా కూడా అప్పుడే మార్చాలి.

8. నిషేధ కాలంలో సిబ్బంది లెక్కింపు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యాంత్రిక, మోటారు బోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెరిగింది. వయసు 18 నుంచి 60 మధ్య ఉన్నవాళ్లకు వస్తుంది.

నిషేధం మొదలవగానే మత్స్యశాఖ సిబ్బంది హార్బర్‌కు వచ్చి బోట్లు చూసి, ఓనర్ ఇచ్చిన కళాసీల పేర్లు రాసుకుంటారు. ఒక్కో రకం బోటుకు ఇంతమందికే అని పరిమితి ఉంటుంది. కాబట్టి ఏడాదంతా పనిచేసినవాడి పేరు పక్కనపెట్టి బంధువు పేరు రాయించే ఓనర్ల మీదే ఎక్కువ గొడవలు వస్తాయి. ఏడాది పొడుగునా ట్రిప్పు జాబితాలు దాచిపెట్టి ఉంటే ఎవరు ఎన్ని ట్రిప్పులు చేశారో అవే చెప్తాయి.

ఏప్రిల్ మొదటి వారంలోనే చూసుకోవాల్సినవి:

- లైసెన్సు గడువు దాటలేదు కదా
- లెక్కింపు రోజున బోటు హార్బర్లోనే ఉంటుందా
- ఒక మనిషి పేరు రెండు బోట్ల మీద లేదు కదా
- ఊళ్లో తెప్ప మీద, ఇక్కడ బోటు మీద రెండు చోట్లా పేరు ఇచ్చారా? ఒకటి తీసేయించాలి
- తుది జాబితా పెట్టాక మీ పేరు స్వయంగా చూసుకున్నారా

పేరు లేకపోతే అభ్యంతరం అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వాలి. డబ్బు పడే రోజు వచ్చాక తిరిగితే చెప్పులరగడమే మిగులుతుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*వంటవాణ్ని లెక్కలో వేయకపోవడం.* అతనూ సిబ్బందే. బీమా, జాకెట్టు, జాబితా అన్నీ అతనికీ కావాలి.

*జిరాక్సుల మీద బతకడం.* ఉప్పుగాలికి వారంలో అచ్చు చెరిగిపోతుంది. ప్లాస్టిక్ కార్డులు తీసుకోండి, సరంగు ఫోన్‌లో ఫొటోలు ఉంచండి.

*బోటు అమ్మేశాక పాత పేరు మీద నడపడం.* తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందంతో ఏళ్ల తరబడి నడుస్తున్న బోట్లున్నాయి. డీజిల్ రాయితీ దగ్గర, బీమా దగ్గర, ప్రమాదం జరిగినప్పుడు పోలీస్ స్టేషన్లో పాత ఓనర్‌నే పిలుస్తారు. పేరు మార్పిడి అయ్యేదాకా కొంత డబ్బు ఆపి ఉంచుకోండి, పని త్వరగా అవుతుంది.

*ట్రాన్స్‌పాండర్ ఆపేయడం.* చేపలున్న చోటు పక్క బోటుకు తెలిసిపోతుందని కొందరు సరంగులు స్విచ్ తీసేస్తారు. ఆ రాత్రే ఇంజిన్ ఆగి బోటు కొట్టుకుపోతే, ఎక్కడని వెతకాలి?

*వేరే రాష్ట్రం బోటెక్కేటప్పుడు వివరాలు తీసుకోకపోవడం.* ఇది కళాసీలకు. 2018 నవంబర్‌లో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది వాఘా దగ్గర మళ్లీ మన నేల మీద కాలుపెట్టింది 2020 జనవరిలో. గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినా, చెన్నై వెళ్లినా బోటు నంబరు, ఓనర్ పేరు, ఫోన్, బోటు ఫొటో ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మిమ్మల్ని ఏ బోటు మీద వెతకాలో ఇంట్లోవాళ్లు అధికారులకు చెప్పగలగాలి.

10. ప్రమాదం జరిగితే కాగితం పని ఎలా నడపాలి

ఫోన్ చేయాల్సినవి: కోస్ట్ గార్డ్ 1554, తీర భద్రత పోలీసులు 1093. జాబితా చేతిలో పెట్టుకుని మాట్లాడండి. బోటు నంబరు, చివరిసారి మాట్లాడిన సమయం, చోటు, మనుషుల సంఖ్య చెప్పండి. తర్వాత మత్స్యశాఖకు, ఆ వెంటనే కళాసీల ఇళ్లకు. ఇంటివాళ్లకు వాట్సాప్‌లో తెలియకూడదు.

ఎవరైనా చనిపోతే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం మూడూ లేకుండా బీమా కదలదు. "పోస్టుమార్టం వద్దు, ఊరికి తీసుకెళ్లిపోతాం" అని కుటుంబం దుఃఖంలో అంటుంది. ఓనరో, సంఘం పెద్దో పక్కన కూర్చుని దాని అవసరం చెప్పాలి. తర్వాత చేయించడానికి వీలుండదు.

మనిషి దొరకకపోతే పని ఇంకా కష్టం. శవం లేనిదే మరణ పత్రం రావడానికి ఆలస్యమవుతుంది. మొదటి రోజునే మిస్సింగ్ కేసు పెట్టించండి. తోటి కళాసీలు చూసింది చూసినట్టు స్టేషన్లో చెప్పి రాయించాలి. కోస్ట్ గార్డ్ గాలించినట్టు రాతలో తీసుకోండి. సరంగు సంతకం ఉన్న ట్రిప్పు జాబితా దానికి జతచేయండి. ఆ మనిషి ఆ రోజు ఆ బోటు మీద ఉన్నాడని చెప్పే కాగితం చాలాసార్లు అదొక్కటే.

ప్రతి కాగితం రెండు సెట్లు చేయించి, ఒరిజినల్స్ ఉన్న సెట్టు కుటుంబానికే ఇవ్వండి. క్లెయిమ్ నామినీ పేరు మీద నడుస్తుంది, ఓనర్ పేరు మీద కాదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తీసుకుని, దాని నంబరు కళాసీ పేజీ మీద రాసి పెట్టండి.